నానో వైద్యం వచ్చేదాకా రేడియేషన్ ఆపాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా నాన్నగారికి 68 ఏళ్లు. నాలుక మొదట్లో, గొంతు దగ్గర క్యాన్సర్ ఉందని రెండు వారాల క్రితం బయాప్సీలో తేలింది. మెడలో ఎడమవైపు రెండు గడ్డలున్నాయి. పెట్ స్కాన్‌లో ఇంకెక్కడా లేదన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, 35 సిట్టింగ్‌ల రేడియేషన్ ఇద్దామన్నారు. కిడ్నీ పరీక్షల్లో కాస్త తేడా ఉంది కాబట్టి పక్కన సిస్‌ప్లాటిన్ కీమో ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. ముఖానికి మాస్క్ కూడా తయారైంది. వచ్చే సోమవారం మొదలు. ఇంతలో మా తమ్ముడు ఒక వార్త పంపాడు. గడ్డలోకి నానో కణాలు ఎక్కించి రేడియేషన్ ఇస్తే ఇమ్యూనిటీయే లేచి ఒంట్లో క్యాన్సర్‌నంతా తుడిచేస్తుందట. మామూలు రేడియేషన్‌తో ఉన్న ఇమ్యూనిటీ కూడా పోతుందని, ఒక మూడు నెలలు ఆగి ఇది ఎక్కడ దొరుకుతుందో చూద్దామని వాడి పట్టుదల. తెలిసినవాళ్లొకరు నెట్‌లో నానో గోల్డ్ చుక్కలు అమ్ముతున్నారు, ఈలోపు అవి వాడండి అన్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. నాన్న మాత్రం "కరెంటు పెట్టించుకుంటే మనవరాలిని దగ్గరికి తీసుకోకూడదట కదా?" అని అదొక్కటే అడుగుతున్నారు. మమ్మల్ని ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు సోమవారం సంగతి. ఆ రోజు రేడియేషన్ మొదలుపెట్టించండి. మిగతా ప్రశ్నలన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం అంత టైం లేదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లు మన నిర్ణయం కోసం ఆగేవి కావు. ఈ క్యాన్సర్లకు రేడియేషన్ ప్రతి నాలుగు వారాలు ఆలస్యమైనకొద్దీ మరణించే ముప్పు దాదాపు 9 శాతం చొప్పున పెరుగుతుందని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో తేలింది. మీ తమ్ముడు అడుగుతున్న మూడు నెలలంటే అలాంటి నాలుగు వారాలు మూడుసార్లు. ఇవాళ స్కాన్‌లో మెడ దాకానే ఉన్న జబ్బు అప్పటికీ మెడ దాకానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మొదలుపెట్టాక మధ్యలో మానడం కూడా అంతే చేటు. ఏడు వారాల్లో అయిపోవాల్సింది సాగిపోతే, సాగిన ఒక్కో రోజుకు గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతం పైచిలుకు తగ్గుతుందని రేడియేషన్ డాక్టర్లు లెక్క కడతారు. నోరు పూసిందని, ముద్ద దిగడం లేదని నాలుగు రోజులు ఇంట్లో ఉండిపోయి, తర్వాత తీరిగ్గా వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, మూడో వారం దాటాక మీ ఇంట్లో గొడవ నానో గురించి ఉండదు, దీని గురించే ఉంటుంది.

ఇక మీ తమ్ముడు పంపిన వార్త. అది పుకారు కాదు. ఇలాంటి పరిశోధనలు నిజంగానే జరుగుతున్నాయి, కొన్ని మనుషుల దాకా వచ్చాయి కూడా. కాకపోతే ఆ వార్త చదివితే ఎలుకలో జరిగిందేదో, మనిషిలో జరిగిందేదో, ఇంకా జరగాల్సిందేదో విడివిడిగా తెలియదు. నేను విడదీసి చెబుతాను. కొంచెం ఓపిగ్గా చదవండి, వీలైతే తమ్ముడితో కూడా చదివించండి.

మన రక్తంలో తిరిగే టీ కణాలు వైరస్ సోకిన కణాన్ని పసిగట్టి చంపుతాయి. క్యాన్సర్ కణం దగ్గర వాటి ఆట అంతగా సాగదు. అది బయటినుంచి వచ్చింది కాదు, మన కణమే దారి తప్పింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాగ. దానికి తోడు గడ్డలోని కణాలు టీ కణం మీద ఉండే పీడీ-1 అనే స్విచ్‌ని నొక్కి దాన్ని నిద్రపుచ్చుతాయి. ఇలాంటి స్విచ్‌లను అడ్డుకుంటే క్యాన్సర్‌కు వైద్యం చేయవచ్చని దారి చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు అందరూ ఇమ్యూనోథెరపీ అంటున్న పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ ఇంజెక్షన్లు ఆ కోవలోవే.

ఇప్పుడు రేడియేషన్ ఏం చేస్తుందో చూడండి. అది క్యాన్సర్ కణంలోని డీఎన్‌ఏని రెండు పోగులూ తెగేలా కొడుతుంది. దెబ్బతిన్న కణం అక్కడికక్కడే చచ్చిపోదు. ఆ గాయంతోనే మరోసారి విడిపోవాలని చూస్తుంది. అప్పుడు తెగిన డీఎన్‌ఏ ముక్కలు కొన్ని వెనకబడిపోతాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే పెద్ద గుండ్రటి కేంద్రకం పక్కన ఆవగింజంత చిన్న పూసలు ఒకటో రెండో కనిపిస్తాయి. చూడ్డానికి ఏదో మచ్చ పడినట్టుంటుంది. ఆ పూస పైపొర పలచన, కాబట్టి తేలిగ్గా చిట్లుతుంది. లోపలి డీఎన్‌ఏ కణద్రవంలోకి వచ్చి పడుతుంది. డీఎన్‌ఏ అక్కడ ఉండకూడదు. ఉందంటే ఏదో వైరస్ చొరబడిందని కణం లెక్క. సీగ్యాస్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని, స్టింగ్ అనే ఇంకో ప్రొటీన్‌ని తట్టిలేపుతుంది. దాంతో కణం ఇంటర్‌ఫెరాన్లు వదులుతుంది. ఈ సీగ్యాస్‌ని జిజియాన్ చెన్ బృందం కనిపెట్టి పుష్కరం దాటిందంతే. అంతకుముందు మేం రేడియేషన్‌ని గడ్డను మాడ్చే మంటలాగే చూసేవాళ్లం.

ఇంటర్‌ఫెరాన్ వాసన తగలగానే డెండ్రైటిక్ కణాలు వస్తాయి. చచ్చిన క్యాన్సర్ కణాల ముక్కల్ని ఏరుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి అక్కడి టీ కణాలకు చూపిస్తాయి. దొంగ ఫొటో స్టేషన్‌లో పెట్టినట్టు. అక్కడ తయారైన టీ కణాలు ఒళ్లంతా తిరిగి అలాంటి కణాలు ఇంకెక్కడున్నాయో వెతకగలవు. అంటే నాన్నగారికి సోమవారం నుంచి ఇవ్వబోయే మామూలు రేడియేషన్‌లోనే మీ తమ్ముడు వెతుకుతున్న విషయం కొంత ఉంది.

కొంత మాత్రమే. ఒకచోట రేడియేషన్ ఇస్తే కిరణం తగలని ఇంకోచోట గడ్డ కరగడాన్ని ఆబ్‌స్కోపల్ ఎఫెక్ట్ అంటారు. 1953లో బ్రిటన్‌లో ఆర్. హెచ్. మోల్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు ఇది. పేరు పెట్టి డెబ్బై ఏళ్లు దాటినా చూసినవాళ్లు చాలా తక్కువ. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగి ఒకరి కథ వచ్చింది. ఆమె ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు తీసుకుంటున్నా జబ్బు మెల్లగా పెరుగుతోంది. వెన్ను పక్కనున్న గడ్డకు నొప్పి తగ్గడం కోసం రేడియేషన్ ఇచ్చారు. కొన్ని నెలలకు కిరణం తగలని గడ్డలు కూడా తగ్గాయి. ఆ ఒక్క కథ చదివి ప్రపంచంలో రేడియేషన్ డాక్టర్లందరికీ నిద్ర పట్టలేదంటే నమ్మండి. అయితే తర్వాత తలమెడ క్యాన్సర్ వ్యాపించిన 62 మందిలో దాన్నే పద్ధతిగా పరీక్షించి చూశారు. సగం మందికి నివోలుమాబ్ ఒక్కటే, సగం మందికి నివోలుమాబ్‌తో పాటు ఒక గడ్డకు రేడియేషన్ ఇచ్చారు. మిగతా గడ్డలు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆశ పెట్టుకోవడానికి ఆ ఒక్కరి కథ చాలు, వైద్యం రాసివ్వడానికి మాత్రం ఈ 62 మంది లెక్కే చూడాలి.

"మామూలు రేడియేషన్‌తో ఇమ్యూనిటీ పోతుంది" అన్న మాటలోనూ కొంత నిజం ఉంది, కొట్టిపారేయను. తెల్లకణాల్లో లింఫోసైట్లు రేడియేషన్‌కు చాలా సున్నితం, టీ కణాలు ఇందులోవే. మెడలో పారే రక్తం కూడా కిరణం దారిలోంచే వెళ్తుంది. అందుకే ఈ ఏడు వారాల్లో రక్తపరీక్షలో లింఫోసైట్ల లెక్క పడిపోతుంది. అయిపోయాక నెలల మీద నెమ్మదిగా కోలుకుంటుంది. కానీ ఆ పేరు చెప్పి గడ్డను వదిలేస్తే, గడ్డ చేసే నష్టం దీనికి ఎన్నో రెట్లు.

ఇప్పుడు నానో సంగతి. ఒక వెంట్రుక మందం సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. మనం మాట్లాడుకునే కణాలు సుమారు 1 నుంచి 100 నానోమీటర్లు. అంత చిన్నవాటిని గడ్డలో పెట్టి ఏం సాధిద్దామని? ఇందులో రకరకాల ఆలోచనలున్నాయి. అన్నిటికన్నా ముందుకు వచ్చింది బరువైన లోహాలది. ఎక్స్‌కిరణాన్ని పట్టి ఆపడంలో మన కండకు పెద్ద శక్తి లేదు. గాడోలినియం, హాఫ్నియం, బంగారం లాంటి బరువు మూలకాలకు ఉంది. హాఫ్నియం పరమాణు సంఖ్య 72, బంగారానిది 79. అవి కిరణాన్ని పట్టి, దాని శక్తిని ఎలక్ట్రాన్ల రూపంలో చుట్టూ చిమ్ముతాయి. అంటే బయటినుంచి ఇచ్చే డోసు అదే, గడ్డ లోపల పడే దెబ్బ మాత్రం ఎక్కువ. దెబ్బ పెరిగితే తెగిన డీఎన్‌ఏ పెరుగుతుంది, ఇందాక చెప్పిన పూసలు పెరుగుతాయి, ఇమ్యూనిటీకి వెళ్లే కబురు కూడా గట్టిగా వెళ్తుంది. ఆలోచన ఇంతే.

ఇందులో హాఫ్నియం ఆక్సైడ్ కణాలు మనుషుల దాకా వచ్చాయి. ఫ్రాన్స్‌కు చెందిన నానోబయోటిక్స్ కంపెనీ తయారుచేసింది. రేడియేషన్ మొదలయ్యే ముందు సూదితో ఒకే ఒక్కసారి నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. చేతులు, కాళ్లు, ఛాతీ, పొట్ట గోడల్లో వచ్చే సార్కోమా అనే మెత్తటి కండ క్యాన్సర్ మీద పెద్ద ట్రయల్ చేశారు. రేడియేషన్ తర్వాత ఆపరేషన్ చేసి గడ్డ తీసి చూస్తే, దాదాపుగా బతికున్న క్యాన్సర్ కణాలు లేనివాళ్లు మామూలు రేడియేషన్‌లో 8 శాతం, నానో కణాలు కలిపినవాళ్లలో 16 శాతం. 2019లో ఈ ఫలితం అచ్చయింది, అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ సార్కోమాకు యూరప్ అనుమతి ముద్ర కూడా పడింది. రెట్టింపు అంటే వినడానికి బావుంటుంది. అటువైపు నుంచి చూస్తే నూటికి 84 మందిలో ఆ ఫలితం రాలేదు. పైగా అది గడ్డ ఉన్నచోట కనిపించిన ఫలితం. ఒంట్లో ఇంకోచోటి క్యాన్సర్‌ని ఇమ్యూనిటీ తుడిచేసిందని ఆ ట్రయల్ చూపలేదు, అది చూడటానికి చేసిన ట్రయలూ కాదు.

మీకు నేరుగా పనికొచ్చే ముక్క ఒకటుంది. అదే హాఫ్నియం కణాల మీద మూడో దశ ట్రయల్ ఒకటి తలమెడ క్యాన్సర్‌లో నడుస్తోంది. 60 ఏళ్లు దాటి, సిస్‌ప్లాటిన్ పడనివాళ్లకు. చదవగానే మా నాన్నే కదా అనిపిస్తుంది మీకు. ఇవే కణాల్ని పీడీ-1 ఇంజెక్షన్లతో కలిపి చిన్న ట్రయల్స్ కూడా చేశారు. కొందరిలో గడ్డలు తగ్గాయి. కానీ పోల్చి చూసే రెండో గుంపు లేని ట్రయల్‌లో ఆ తగ్గుదల రేడియేషన్‌ది ఎంత, ఇంజెక్షన్‌ది ఎంత, నానోది ఎంత అని విడదీయలేం. కాబట్టి మీ డాక్టర్ని "ఇక్కడ గానీ, వెంటనే చేరగలిగిన చోట గానీ ఇలాంటి ట్రయల్ ఉందా, నాన్న దానికి సరిపోతారా?" అని ఒక్కమాట అడగండి. ఉంది, సోమవారం కాకపోతే ఆ తర్వాతి వారం మొదలుపెడతారు అంటే ఆలోచించండి. లేదంటే అక్కడితో వదిలేయండి. అసలైన ట్రయల్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, మీ భాషలో చదివి సంతకం పెట్టాల్సిన కాగితాలుంటాయి, ఎప్పుడైనా మానేసే హక్కు ఉంటుంది. పరీక్షించే మందుకు మామూలుగా మీ దగ్గర డబ్బు తీసుకోరు. 'ట్రయల్' అంటూ ముందే పెద్ద మొత్తం కట్టమన్నారంటే తలుపు వేసేయండి.

మరి మీ తమ్ముడు చదివిన అద్భుతాలు ఎక్కడివి? ఎక్కువగా ఎలుకలవి. 2004లో జేమ్స్ హైన్‌ఫెల్డ్ బృందం ఎలుకలకు 1.9 నానోమీటర్ల బంగారు కణాలు ఎక్కించి రేడియేషన్ ఇచ్చింది. ఏడాది తర్వాత ఆ ఎలుకల్లో 86 శాతం బతికున్నాయి. వట్టి రేడియేషన్ ఇచ్చినవాటిలో 20 శాతమే. అందరూ లేచి కూర్చున్నారు. కానీ వాళ్లు వాడింది తక్కువ శక్తి ఎక్స్‌కిరణాలు, 250 కిలోవోల్టులవి. బంగారం బాగా పట్టేది అలాంటి కిరణాలనే. ఎలుకకు అవి చాలు, అది అరచేతిలో పట్టేంత జంతువు. అంటే రెండున్నర లక్షల వోల్టులు. మనిషి ఒంట్లో లోతుగా ఉన్న గడ్డకు మామూలుగా వాడేవి 60 లక్షల వోల్టుల స్థాయి కిరణాలు. వాటి దగ్గర బంగారం చేసే సాయం బాగా పలచబడుతుంది.

ఇంకో అడ్డంకి దారిది. సెలైన్‌లా రక్తంలోకి ఎక్కించిన నానో కణాల్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. పదేళ్ల పరిశోధనల్ని కుప్పపోసి 2016లో లెక్క చూస్తే, ఎక్కించిన కణాల్లో గడ్డను చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. నూటికి ఒకటి కూడా కాదు. ఎలుకల్లోనే ఈ లెక్క! హాఫ్నియం కణాల్ని సూదితో నేరుగా గడ్డలోకి పొడవడానికి కారణాల్లో ఇదొకటి. రక్తంలోకి ఎక్కించే గాడోలినియం కణాలు కూడా ఉన్నాయి. మరీ చిన్నవి కాబట్టి మూత్రంలో బయటికొచ్చేస్తాయి, ఎంఆర్‌ఐలో కనిపిస్తాయి కూడా. మెదడుకు పాకిన క్యాన్సర్లలో వాటిని ఫ్రాన్స్‌లో తొలి ట్రయల్‌గా 15 మందికి ఇచ్చి చూశారు.

నాకు వ్యక్తిగతంగా ఎక్కువ నచ్చిన ఆలోచన వేరే ఉంది. ఇందులో నానో కణం కిరణానికి సాయం చేయదు, ఫొటోలు మోస్తుంది. రేడియేషన్‌తో చచ్చిన కణాల నుంచి ప్రొటీన్ ముక్కలు చెల్లాచెదురుగా పడతాయి. వాటిలో చాలావరకు ఎవరి కంటా పడకుండా కరిగిపోతాయి. నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు జిగురుగా ఉండే నానో కణాలు తయారుచేసి, అవి ఆ ముక్కల్ని అంటించుకుని డెండ్రైటిక్ కణాలకు అందేలా చేశారు. ఒంట్లో కరిగిపోయే కుట్లు ఉంటాయి చూడండి, అలాంటి పదార్థంతోనే. 2017లో వచ్చిన ఆ పరిశోధనలో మెలనోమా ఎలుకలకు రేడియేషన్, పీడీ-1 ఇంజెక్షన్ ఇస్తే పూర్తిగా నయమైనవి ఒక్కటీ లేవు. ఈ కణాలు కలిపితే 20 శాతం దాకా నయమయ్యాయి. అందంగా ఉంది. ఎలుకలోనే ఉంది. మాంగనీసు కణాలతో స్టింగ్‌ని నేరుగా రెచ్చగొట్టేవి, హాఫ్నియాన్ని జాలీలా అల్లి అందులో మందు నింపేవి కూడా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

వీటన్నిటికన్నా ముందు మీ తమ్ముడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇమ్యూనిటీని లేపే మందును రేడియేషన్‌కు ఎప్పుడు కలిపామన్నదాని మీద ఫలితం తారుమారవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో స్టేజిలో కీమో, రేడియేషన్ పూర్తయ్యాక డుర్వలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇస్తే అయిదేళ్లకు బతికున్నవాళ్లు 33 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. 713 మందిలో చూసిన ట్రయల్ ఇది. అదే మందును అదే క్యాన్సర్‌లో మొదటిరోజు నుంచే రేడియేషన్‌తో కలిపి ఇస్తే లాభం రాలేదు. తలమెడ క్యాన్సర్‌లోనూ అంతే. అదే కోవకు చెందిన అవెలుమాబ్‌ని, పెంబ్రోలిజుమాబ్‌ని కీమో రేడియేషన్‌తో కలిపి రెండు పెద్ద ట్రయల్స్ చేశారు, రెండూ నిరాశపరిచాయి. ఆపరేషన్ చేయదగ్గ తలమెడ క్యాన్సర్‌లో మాత్రం పెంబ్రోలిజుమాబ్‌ని ఆపరేషన్‌కు ముందు మొదలుపెట్టి, తర్వాత కూడా కొనసాగిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది. 2025 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. ఎందుకీ తేడా అంటే, చాలామంది అనుమానం మెడలోని లింఫు గ్రంథుల మీద. టీ కణాలు తయారయ్యే బడి అదే. జబ్బు పాకి ఉంటుందని ఆ బడి మీదే మేం ఏడు వారాలు కిరణం కురిపిస్తాం. పిల్లలు బడిలో ఉండగానే బడిని కూల్చి, చదువు రాలేదేమని అడిగినట్టుంటుంది. ఏ గ్రంథిని వదలొచ్చు, ఎంత డోసు ఎన్ని విడతల్లో అన్నది తేలకుండా పైన నానో కణం ఒకటి చేర్చినంత మాత్రాన అంతా సర్దుకుపోదు. ఎలుకల్లో చూస్తే ఒకేసారి మరీ పెద్ద డోసు ఇచ్చినా లాభం లేదు. కణం ట్రెక్స్1 అనే ఎంజైముతో బయటపడ్డ డీఎన్‌ఏని తినేసి, కబురు బయటికి పోకుండా చేస్తుంది.

అందుకని ఈ వారం మీరు డాక్టర్ని అడగాల్సింది నానో గురించి కాదు, కీమో గురించి. కిడ్నీ ఒప్పుకుంటే సిస్‌ప్లాటిన్ ఇవ్వడమే మేలు. ఒప్పుకోకపోతే "వట్టి రేడియేషన్‌తో సరిపెట్టాలా, డోసెటాక్సెల్ ఇవ్వొచ్చా?" అని పేరు పెట్టి అడగండి. అది ఇంకో కీమో మందు. సిస్‌ప్లాటిన్ పడని 356 మందిలో వారానికోసారి కొద్ది డోసులో డోసెటాక్సెల్ కలిపి చూస్తే, రెండేళ్లకు బతికున్నవాళ్లు 41.7 శాతం నుంచి 50.8 శాతానికి పెరిగారు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు 2023లో ప్రచురించిన ట్రయల్ ఇది. నానో అన్న మాట లేదు కాబట్టి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నోటి పూత, మింగడంలో బాధ దీంతో ఎక్కువవుతాయి, ఆ సంగతి కూడా అడిగి తెలుసుకోండి. పళ్ల డాక్టరుకు చూపించారో లేదో మీ ఉత్తరంలో లేదు. చూపించకపోతే సోమవారంలోపు చూపించండి. రేడియేషన్ పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకపోవచ్చు. బరువు వారానికోసారి రాసి పెట్టండి. తగ్గిపోతుంటే పొట్టకు గానీ ముక్కుకు గానీ ట్యూబు పెడదామంటారు, అప్పుడు భయపడి వద్దనకండి. చాలామంది సిట్టింగ్‌లు మానేసేది తినలేకే.

నానో గోల్డ్ చుక్కలు వద్దే వద్దు. పరిశోధనల్లో కణాల్ని గడ్డలోకో రక్తంలోకో ఎక్కిస్తారు. నోట్లో వేసుకున్న చుక్క గొంతు గడ్డలోకి ఇంకిపోదు, చాలావరకు కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. ఆ సీసాలో ఎంతుందో, అసలేముందో చెప్పేవాళ్లు లేరు. కిడ్నీ తేడాగా ఉన్న మనిషికి అసలు వద్దు. ఇదే చేత్తో 'ఇమ్యూనిటీ మాత్రలు' కూడా పక్కన పెట్టండి. కెనడాలో 540 మంది తలమెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్ సమయంలోనూ, ఆ తర్వాతా విటమిన్ ఇ ఎక్కువ డోసులో ఇచ్చి చూశారు, మంచిదే కదా అని. తీరా చూస్తే వాడినవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి. డాక్టరు రాసినవి తప్ప ఇంకేం వాడుతున్నా ఆయనకు దాచకుండా చెప్పండి.

మీ తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. తండ్రికి జబ్బు చేస్తే రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని వెతకని కొడుకు ఎవరున్నారు? అతనికి ఒక పని అప్పజెప్పండి. రోజూ నాన్నను సిట్టింగ్‌కు తీసుకెళ్లే బాధ్యత, ట్రయల్ గురించి కనుక్కునే బాధ్యత. మొదటిరోజు ఆయన్ని తీసుకెళ్లేవాళ్లు మాస్క్ గురించి కూడా తెలుసుకుని ఉండాలి. అది వేడినీళ్లలో మెత్తబడి, ముఖం మీద పరిస్తే నిమిషాల్లో గట్టిపడే ప్లాస్టిక్ జల్లెడ. పడుకోబెట్టి దాన్ని బల్లకు క్లిప్పులతో బిగిస్తారు. తల అటూ ఇటూ కదలదు. కొందరికి అదే పెద్ద భయం. లోపల ఊపిరి ఆడుతుంది, చెయ్యి ఎత్తితే బయట కెమెరాలో చూసి మెషిన్ ఆపేస్తారు. ఇంటికొచ్చేసరికి బుగ్గల మీద, నుదుటి మీద జల్లెడ గళ్లు అచ్చుపడి ఉంటాయి, గంటలో పోతాయి. పాప చూసి నవ్వొచ్చు.

మనవరాలి గురించి నాన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అదే, దగ్గరికి తీసుకోవచ్చు. ఈ రేడియేషన్ బయట మెషిన్‌లోంచి వస్తుంది, స్విచ్ తీయగానే అయిపోతుంది. గదిలో లైటు ఆర్పితే మన చొక్కాలో వెలుగు మిగలదు కదా, అలాగే ఒంట్లో ఏమీ మిగలదు. రేడియోధార్మిక పదార్థం ఒంట్లో పెట్టే వైద్యాలు వేరే ఉన్నాయి, దూరంగా ఉండమనేది వాళ్లకే. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. పాపకు జలుబో దగ్గో ఉన్న రోజు మాత్రం దూరంగా ఉంచండి, అది పాప కోసం కాదు, ఆయన కోసం. నాలుగో వారం వచ్చేసరికి మెడ మీద చర్మం కందిపోతుంది. పాప మెడ చుట్టూ చేతులేసి వేలాడకుండా చూసుకోండి.